మౌనానికి మందు లేదు

గత సంవత్సరం మా ఊరి తెలుగు సంఘం వారు కళాశాలలకు వెళ్ళబోయే పిల్లల కోసం ఒక ఆరోగ్య సదస్సు తలపెట్టారు. ఆహారం, నిద్ర, మానసిక ఒత్తిడి మొదలైన అంశాలన్నిటికీ అందులో చోటు దొరికింది. "హెచ్.ఐ.వి., ఇతర సుఖవ్యాధుల గురించి కూడా ఒక అరగంట చెబితే బాగుంటుంది" అని నేను సూచించగానే అందరూ మౌనం వహించారు. "మన పిల్లలకు అవన్నీ ఎందుకండీ, డాక్టరుగారూ?" అన్నారొక పెద్దాయన. ఆ మాటలో దురుద్దేశం లేదు, పిల్లలపై ప్రేమే ఉన్నది. ఆ అంశాన్ని చేర్చలేదు. నేనూ పట్టుబట్టలేదు.

సదస్సు నాడు భోజనాల వేళ, పైచదువులకై గుంటూరు ప్రాంతం నుండి వచ్చిన ఒక విద్యార్థి, నా వృత్తి తెలిసి కాబోలు, నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఆ రక్తపరీక్ష చేయించుకుంటే సంగతి వీసా వాళ్ళకు తెలుస్తుందా?" అని మెల్లగా అడిగాడు. ఆ భయంతోనే నెలల తరబడి పరీక్షకు వెళ్ళలేదట. హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రవేశంపై అమెరికా 1987లో విధించిన నిషేధం 2010 జనవరిలోనే తొలగిపోయిందని అతనికి చెప్పినవారు లేరు. తరువాత అతడు పరీక్ష చేయించుకున్నాడు. ఫలితం అతని సొంత విషయం. అతడు ఒంటరిగా భయపడిన ఆ నెలలు మాత్రం మనందరి విషయం.

రసాయన శాస్త్రవేత్తగా ఈ వ్యాధి చరిత్ర నాకు గర్వకారణం. 1981లో అమెరికాలో తొలి రోగులను గుర్తించారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో వైరస్‌ను వేరుచేశారు. 1964లో క్యాన్సర్ కోసం తయారుచేసి, పనికిరాదని పక్కన పెట్టిన ఎ.జడ్.టి. అనే పదార్థం 1987లో ఎయిడ్స్‌కు తొలి మందుగా ఆమోదం పొందింది. వైరస్ తన ఆర్.ఎన్.ఎ. నుండి డి.ఎన్.ఎ.ను పూసల దండవలె కూర్చుకునేటప్పుడు, ఈ అణువు కొక్కెం లేని పూసయై అందులో చేరుతుంది. దానికి మరో పూస తగలదు కనుక దండ అక్కడితో ఆగిపోతుంది. 1996 నుండి మూడేసి మందులు కలిపి వాడడంతో, మరణశాసనమనుకున్నది మందులతో నెట్టుకురాగల దీర్ఘవ్యాధిగా మారింది. క్రమం తప్పక మందు వాడి, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితిలో ఉన్నవారి నుండి లైంగిక సంపర్కం ద్వారా అది ఇతరులకు సోకదు. ఆరు నెలలకొకసారి తీసుకుంటే వ్యాధి సోకకుండా కాపాడే లెనకాపవిర్ ఇంజెక్షన్‌కు 2025లో అమెరికాలో ఆమోదం లభించింది. పేద దేశాల కోసం దానిని చౌకగా తయారుచేసేందుకు 2024లో అనుమతి పొందిన ఆరు సంస్థలలో డాక్టర్ రెడ్డీస్, హెటిరో రెండూ మన హైదరాబాదువే.

మందు మన ఊళ్ళో తయారవుతున్నది. మాట మాత్రం మన ఇళ్ళలో పుట్టడం లేదు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో తొలి కేసులను బయటపెట్టింది. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ వ్యాధిపై సమగ్రమైన అవగాహన ఉన్నవారు స్త్రీలలో సుమారు 22 శాతం, పురుషులలో 31 శాతం మాత్రమే. 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు పాఠశాలలలో కౌమార విద్యనే నిలిపివేశాయి.

చెబితే పిల్లలు చెడిపోతారన్నది మన భయం. యునెస్కో 2018లో సవరించి వెలువరించిన మార్గదర్శకాలకు ఆధారమైన పరిశోధనలు ఈ భయాన్ని సమర్థించడం లేదు. సక్రమమైన లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని, వారిలో జాగ్రత్తను పెంచుతుందని అవి తెలుపుతున్నవి.

సద్వర్తన ఒక్కటే చాలదా అని మరికొందరంటారు. నిగ్రహం గొప్ప గుణమే. నా పిల్లలకూ నేను దానినే కోరుకుంటాను. కాని మన దేశంలో ఎందరో ఇల్లాండ్రకు ఈ వ్యాధి భర్త ద్వారానే సంక్రమించింది. వారి నడవడిలో లోపమేమున్నది? జాతకాలు, గోత్రాలు, ఆస్తిపాస్తులు విచారించే మనం, వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా రక్తపరీక్ష చేయించుకుందామంటే మాత్రం అవమానంగా భావిస్తాము.

పిల్లలకు చెప్పవలసినది ఎంతో లేదు. కరచాలనం వల్ల, సహపంక్తి భోజనం వల్ల, దోమకాటు వల్ల ఈ వ్యాధి రాదు. రక్షణ లేని సంపర్కం, ఒకరు వాడిన సూదులు, కలుషిత రక్తం దీనికి మార్గాలు. తల్లి నుండి బిడ్డకూ సోకవచ్చు. కండోమ్ సరిగా వాడితే ప్రమాదం ఎంతో తగ్గుతుంది. పొరపాటు జరిగినా 72 గంటలలోగా వైద్యుని చేరితే, 28 రోజులు వాడే మందులతో వ్యాధిని చాలావరకు నివారించవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, పరీక్ష చేయించుకోవడం తప్పు ఒప్పుకోవడం కాదు.

ఈ ఏడు మా అమ్మాయి దూరప్రాంత విశ్వవిద్యాలయంలో చేరింది. ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళు గడిపిన నాకే, ఈ నాలుగు మాటలు ఆమెకు చెప్పడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. అంతా విని, "ఇందులో చాలావరకు నాకు తెలుసు నాన్నా. కాని ఏదైనా జరిగితే మీకే ఫోన్ చేయవచ్చని మాత్రం తెలియదు" అన్నది.

ఆ ఒక్క మాట ప్రతి తెలుగు బిడ్డకూ తెలియాలి. రాబోయే సదస్సులో ఆ అరగంట కేటాయించవలసిందిగా సంఘ పెద్దలకు నా మనవి. ఈసారి నేను పట్టుబడతాను.