పిడికిళ్ళకు కొదవ లేదు, నేర్పే గురువు కావాలి

బాక్సింగ్ నేర్చుకుని పోటీలకు వెళ్ళాలని కామవరపుకోటలో ఒక కుర్రవాడికి బుద్ధి పుట్టిందనుకోండి. పామాయిల్ గెలలు ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తి ఎత్తి రాటుదేలిన చేతులు. తెల్లవారకముందే లేచి రోడ్డు మీద పరుగు తీసే అలవాటు కూడా ఉన్నది. సెల్‌ఫోనులో నిఖత్ జరీన్ ఆట చూసి ఉత్సాహపడ్డాడు. ఆ తర్వాత అడుగు ఎటు వేయాలో చెప్పేవారు ఊళ్ళో కానరారు. కబడ్డీ అయితే చూసి నేర్చుకోవచ్చు. వాలీబాల్ అయితే సాయంత్రం పూట నలుగురు చేరితే చాలు. బాక్సింగ్ అలా చూసి పట్టుబడే విద్య కాదు. దెబ్బ ఎలా కొట్టాలో చెప్పడానికి ముందు దెబ్బ ఎలా తప్పించుకోవాలో నేర్పే మనిషి ఒకడు ఎదురుగా నిలబడాలి.

ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడో తెలియక కుర్రవాళ్ళు ముందుగా వెళ్ళేది కండలు పెంచే జిమ్ములకే. ఇవాళ చిన్న చిన్న పట్టణాలలో కూడా ఇవి వెలిశాయి. నాలుగు గోడలకూ అద్దాలు, చెవులు గింగుర్లెత్తే పాటలు, వరసగా పేర్చిన డంబెల్సు, బల్ల మీద పొడి డబ్బాలు. మూల ఒక బ్యాగు వేలాడదీసి, బోర్డు మీద బాక్సింగ్ అని కూడా రాయిస్తున్న వారున్నారు. ఒంటికి వ్యాయామం కావాలనుకునేవారికి అందులో తప్పేమీ లేదు. చెమట పడుతుంది, ఒళ్ళు తేలికవుతుంది. కాని పోటీకి వెళ్ళాలనుకునే కుర్రవాడు అక్కడ ఏడాది పాటు బ్యాగును గుద్దితే ఏడాది పాటు తప్పుగా గుద్దడం నేర్చుకుంటాడు. బ్యాగు తిరిగి కొట్టదు. గడ్డం ఎత్తి నిలబడ్డా, కొట్టిన చెయ్యి వెనక్కు తీయకపోయినా దానికి పట్టదు. రింగులో ఎదుటివాడు మాత్రం ఆ రెండు తప్పుల కోసమే కాచుకుని ఉంటాడు. ఏడాది అలవాటును మాన్పించడానికి గురువుకు మరో ఏడాది పడుతుంది.

ఏది నిజమైన శిక్షణశాల, ఏది బోర్డు మాత్రమే అన్నది తెలుసుకోవడం మరీ అంత కష్టం కాదు. ఫీజు కట్టకముందు ఒక సాయంత్రం వెళ్ళి ఓ మూల కూర్చుని చూడాలి. చూడనివ్వమంటే లేచి రావడమే మేలు. కొత్తగా చేరినవారిని గురువు ఏం చేయిస్తున్నాడన్నది మొదట గమనించాలి. మంచిచోట మొదటి వారాలలో గ్లౌజుల ఊసే ఎక్కువ ఉండదు. కాళ్ళు ఎక్కడ పెట్టాలి, బరువు ఏ పాదం మీద ఉండాలి, ముందుకూ వెనక్కూ పక్కకూ కాళ్ళు పెనవేసుకోకుండా ఎలా కదలాలి, ఇదే పాఠం. తర్వాత ముందు చేతి సూటి దెబ్బ, అది కూడా గాలిలోనే వందలసార్లు. చూసేవారికి విసుగు పుడుతుంది. నేర్చేవారికి ఇంకా విసుగు. ఆ విసుగు పుట్టించని చోట ఈ విద్య లేదనే అనుకోవాలి.

గురువును అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అడగడానికి మొహమాటపడరాదు. ఆయన స్వయంగా ఆడినవాడేనా? పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుల కోర్సు చదివాడా? 1961లో వెలసిన ఆ సంస్థ డిప్లొమాకు దేశమంతటా విలువ ఉన్నది. డిప్లొమా లేనివారిలోనూ మంచి గురువులు లేకపోలేదు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: గడచిన ఏడాదిలో ఈయన శిష్యులు ఎంతమంది జిల్లా ఎంపికలకు వెళ్ళారు, ఎంతమంది రాష్ట్ర పోటీలలో ఆడారు? గెలిచారా ఓడారా అన్నది తర్వాతి మాట. పోటీలకు పిల్లలను తీసుకువెళ్ళే గురువుకు ఎంపికల తేదీలు, బరువుల తరగతులు, కావలసిన కాగితాలు అన్నీ నోటి మీద ఉంటాయి. గోడ మీద ఫొటోలు చూపి మాట దాటవేసేవాడికి అవేవీ తెలిసి ఉండవు.

ఇక స్పారింగ్ అనే జంట సాధన సంగతి. ప్రమాదమంతా ఉన్నది ఇక్కడే. ఈ ప్రాంతంలో సంక్రాంతి పందెం కోళ్ళ గురించి తెలియనివారు ఉండరు. చట్టం ఒప్పకపోయినా ఆ పని జరుగుతూనే ఉన్నది గనుక దాచవలసినదేమీ లేదు. పుంజును బరిలోకి దింపేవాడు ఎదుటి పుంజు ఎత్తు చూస్తాడు, తూకం చూస్తాడు, వయసు చూస్తాడు. జోడు కుదరకపోతే లక్ష రూపాయలిస్తామన్నా దింపడు. కోడికి ఉన్న ఈ పాటి మర్యాద కొన్ని చోట్ల కొడుకులకు దొరకడం లేదు. చేరిన వారానికే యాభై కిలోల పిల్లవాడిని డెబ్బై కిలోల సీనియరు ముందు నిలబెట్టి, తట్టుకున్నవాడే మగవాడు అనే గురువులు లేకపోలేదు. అలాంటి చోట ముక్కు నుంచి రక్తం కారడం గొప్పగా చెప్పుకుంటారు. రక్తం ఆరిపోతుంది. లోపల మెదడుకు తగిలిన దెబ్బే పైకి కనపడదు.

పోటీ నియమాలు ఈ విషయంలో చాలా ఖచ్చితంగా ఉన్నాయి. పోటీకి ముందు వైద్యుడు పరీక్షించాలి, తూకం వేయాలి. తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయిన బాక్సర్‌కు కనీసం 30 రోజులు పోటీ గాని స్పారింగ్ గాని లేదు. స్పృహ తప్పితే ఆ గడువు ఇంకా పెరుగుతుంది. మొదటి దెబ్బ నుంచి తేరుకోకముందే తలకు రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు. కాబట్టి శిక్షణశాలలో అడగవలసిన మరో మాట, తల తిరుగుతోందని చెప్పిన పిల్లవాడిని ఆ రోజు ఏం చేస్తారు అని. ఇంటికి పంపి, డాక్టరుకు చూపించి, తిరిగి ఎప్పుడు రావాలో తామే చెబుతామంటే అది సరైన చోటు. కాసిన్ని నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కమనే చోటికి కన్నవారు పిల్లల్ని పంపరాదు. జోడు చూసి, బరువు చూసి, పళ్ళకు గార్డు, తలకు గార్డు పెట్టించి, చేతికి దళసరి గ్లౌజులు తొడిగించి, సగం బలంతో ఆడించే గురువు దగ్గర స్పారింగ్ మొదలు కావడానికే నెలలు పడుతుంది. మొదటి పోటీకి ఏడాది పట్టినా తొందరపడనక్కర లేదు.

ఈ విద్య మహానగరాల వారికే దక్కుతుందన్న అభిప్రాయం పల్లెల్లో పాతుకుని ఉన్నది. అది నిజం కాదని చూపడానికి తెలుగు నేల మీదే నిజామాబాద్ ఉన్నది. నిఖత్ జరీన్ పుట్టినది అక్కడే, 1996లో. తండ్రి జమీల్ అహ్మద్ తానూ క్రీడాకారుడే. మొదట ఆమెను పరుగు పందేలకు తయారుచేశారు. బాక్సింగ్‌కు మళ్ళేనాటికి ఆమెకు 13 ఏళ్ళు. ఆడపిల్లకు ఈ గుద్దులాట ఎందుకని అన్నవారు లేకపోలేదు. ఆ ఊళ్ళో శంసముద్దీన్ అనే శిక్షకుడు ఉండబట్టి మొదటి పాఠం ఇంటి దగ్గరే దొరికింది. అదే శిక్షకుడి కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యాలు, 2023 ప్రపంచ పోటీలలో మరో కాంస్యం తెచ్చాడు. నిజామాబాద్‌కు రాజభవనాల వంటి స్టేడియాలు ఉండి ఈ పేరు రాలేదు. వదలకుండా నేర్పే మనిషి ఒకడు ఉన్నందుకు వచ్చింది.

నిఖత్ అక్కడితో ఆగలేదన్నది కూడా గమనించాలి. 2009లోనే భారత క్రీడాప్రాధికార సంస్థ తరపున విశాఖపట్నం చేరి ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందింది. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న గురువు ఆయన. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం వచ్చింది. ఆ తర్వాత భుజానికి గాయం, శస్త్రచికిత్స, ఎవరూ పట్టించుకోని రోజులు. పెద్దల ప్రపంచ స్వర్ణం 2022లో ఇస్తాంబుల్‌లో గాని రాలేదు. మొదటి పాఠానికీ ఆ స్వర్ణానికీ మధ్య 13 ఏళ్ళు గడిచాయి. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండానే తిరిగివచ్చింది. ఆరు నెలల్లో ఛాంపియన్‌ను చేస్తామని కరపత్రాలు పంచేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

విశాఖ పేరు వచ్చింది గనుక ఒక మాట. ఆంధ్రలో బాక్సింగ్‌కు పుట్టిల్లు అనదగ్గ ఊరు అదే. నౌకాదళం వారి ఆట ఆ ఊరికి అబ్బింది. ప్రపంచ మహిళా పోటీలలో రజతం సాధించి, 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందిన ఎన్. ఉష అక్కడివారే. ఏలూరు నుంచి రైలెక్కితే అయిదారు గంటల ప్రయాణం. నేరుగా పోయి అక్కడే గది తీసుకుని నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళు కొందరుంటారు. అప్పు చేసి పంపే తండ్రులూ ఉంటారు. అది మొదటి మెట్టు కారాదు. ముందు దగ్గరలో ఆరు నెలలు పాదాలు కుదిరేదాకా నేర్చి, ఒక జిల్లా ఎంపికలో నిలబడి చూసుకున్నాక ఆ ఖర్చు గురించి ఆలోచించవచ్చు. తాహతు లేని కుటుంబాలకు మరో దారి సైన్యం వారి బాలుర క్రీడా కంపెనీలు. 8 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించి తీసుకుని, చదువు, తిండి, వసతి తామే చూస్తారు. ఈ సంగతి తెలిసేసరికి మన పల్లెల్లో పిల్లవాడికి పదహారేళ్ళు దాటిపోతున్నాయి.

కాగితాల విషయంలో మోసపోయేవారు ఇంకా ఎక్కువ. పోటీ అనగానే పోటీ కాదు. జిల్లా సంఘం, దానిపైన రాష్ట్ర సంఘం, దానిపైన బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, ఈ వరుసలో గుర్తింపు ఉన్న పోటీలో ఆడితేనే సర్టిఫికెట్టుకు విలువ. జాతీయం, అంతర్జాతీయం అని పెద్ద పెద్ద పేర్లు పెట్టి, ప్రవేశ రుసుము వసూలు చేసి, వచ్చిన ప్రతివాడి మెడలోనూ ఒక పతకం వేసి పంపే సంఘాలు అన్ని ఆటలలోనూ పుట్టుకొచ్చాయి. 2024లో ప్రకటించిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారుల వాటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. తీరా దరఖాస్తు పెట్టే రోజున ఆ పతకం చెల్లదంటే, పోయిన డబ్బు కంటే పోయిన ఏళ్ళు ఎక్కువ బాధిస్తాయి. పాఠశాల క్రీడలలో బాక్సింగ్ ఉన్నది. హైస్కూలు పిల్లలకు అన్నిటికంటే నమ్మకమైన మార్గం వ్యాయామ ఉపాధ్యాయుడి ద్వారా ఆ ఎంపికలకు పేరు పంపించుకోవడమే.

పుట్టిన తేదీ మరో చిక్కు. బడిలో చేర్చేటప్పుడు తోచిన తేదీ రాయించడం పల్లెల్లో పాత అలవాటు. ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి, పంచాయతీ జనన పత్రంలో ఇంకొకటి ఉన్నవారు ఎందరో. బాక్సింగ్‌లో 15, 17, 19 ఏళ్ళ లోపు అని వయసును బట్టి తరగతులు. అనుమానం వస్తే ఎముకల ఎక్స్‌రే కూడా తీస్తారు. ఈ మూడు కాగితాలూ ఒక్క తీరుగా చేసుకోవడం గ్లౌజులు కొనడం కంటే ముందు చేయవలసిన పని.

ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా క్రీడాప్రాధికార సంస్థ ఉన్నది. కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం వంటి మెట్ట మండలాల పిల్లలకు జిల్లా కేంద్రంలోని స్టేడియం అందుబాటులో ఉన్నట్లు కాగితం మీద కనపడవచ్చు. బడి వదిలాక బస్సు పట్టుకుని ఏలూరు చేరి, గంటన్నర సాధన చేసి, తిరిగి ఊరు చేరేసరికి రాత్రి ఎన్ని గంటలవుతుందో ఆ కాగితం చెప్పదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులలో ఆడపిల్లలకు టికెట్టు లేకుండా పోవడం కొంత మేలు. రాత్రి ప్రయాణపు భయం మాత్రం టికెట్టుతో పోయేది కాదు. 2023 డిసెంబరులో మొదలైన ఆడుదాం ఆంధ్రా పోటీలు ఊరూరా జరిగాయి. అందులో ఉన్నవి క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ మాత్రమే. బాక్సింగ్‌లో సత్తా ఉన్న పిల్లవాడు తన సత్తా ఎంతో తెలుసుకునే అవకాశమే ఆ ఏర్పాటులో లేకపోయింది.

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. ఇరవై అడుగుల చదరపు రింగు మొదటి రోజునే అవసరం లేదు. అర్హత గల శిక్షకుడిని ఒకరిని నియమించి, వారానికి రెండు రోజులైనా మెట్ట ప్రాంతపు హైస్కూలు మైదానాలకు పంపితే చాలు. తక్కిన నాలుగు రోజులు ఆయన చెప్పినది వ్యాయామ ఉపాధ్యాయుడు చేయించగలడు. కాసిని తాళ్ళు, నాలుగు బ్యాగులు, రెండు జతల హెడ్ గార్డులు, కింద పరచడానికి మందపాటి చాపలు. ఇంతకంటే ఎక్కువ ఖర్చుతో ప్రారంభోత్సవాలు జరుగుతున్నాయి. భవనం కట్టి తాళం వేయడం సులువు, మనిషిని పెట్టి జీతమివ్వడమే అధికారులకు కష్టంగా కనపడుతుంది. మండల పరిషత్తు, పాఠశాలల తల్లిదండ్రుల కమిటీలు ఈ కోరికను తీర్మానం రూపంలో కలెక్టరుకు పంపవచ్చు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది.

శిక్షకుడు వచ్చేలోగా ఆగలేని కుర్రవాళ్ళు ఊరికే కూర్చోనక్కర లేదు. పొద్దున పరుగు, తాడు గెంతడం, బస్కీలు, దండీలు, ఎవరి సాయమూ లేకుండా సాగేవే. వీడియోలు చూసి ఒకరినొకరు గుద్దుకోవడం మాత్రం వద్దు. ఏలూరు వెళ్ళే రోజున జనన పత్రం, బడి సర్టిఫికెట్టు, ఆధార్ నకళ్ళు వెంట ఉండాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివారు అమ్మనో నాన్ననో తీసుకుని వెళ్ళాలి. జిల్లా క్రీడా కార్యాలయంలో గుర్తింపు ఉన్న శిక్షకుల పేర్లు, తర్వాతి ఎంపికల తేదీ అడిగి రాసుకుని రావాలి. చేతికి చుట్టుకునే నూలు పట్టీలు ఒక జత కొనుక్కుంటే చాలు, గ్లౌజులు ఏవి కొనాలో గురువు దొరికాక ఆయనే చెబుతాడు.