బెత్తెడు విమానం

నా చిన్నప్పుడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థంలో రేకు విమానాలు అమ్మేవారు. రెండు రెక్కలు, ఒక తోక, అడుగున రెండు చక్రాలు. అది ఏ దేశానిదో, ఏ యుద్ధానికి వెళ్లివచ్చిందో మేమెవరమూ అడిగిన పాపాన పోలేదు. దారం కట్టి ఈడిస్తే టకటకమనేది, అంతటితో తృప్తి.

మా అబ్బాయి సంగతి అది కాదు. వాడికి పదహారేళ్లు. ఆరు నెలలుగా నాట్ అనే చిన్న జెట్ యుద్ధవిమానానికి నమూనా కడుతున్నాడు. ప్లాస్టిక్ ముక్కలు పెట్టెలో వస్తాయి, అతికించుకోవడమే గదా అనుకున్నాను నేను. అతకడం నాలుగు రోజుల్లో అయిపోయింది. తక్కిన కాలమంతా నగిషీకే! అసలు విమానం పొడవు 8.74 మీటర్లు. వీడిది అందులో 72వ వంతు, అంటే 12 సెంటీమీటర్లు; బెత్తెడుకు కాస్త ఎక్కువ. ఆ బెత్తెడులోనే, పైలటు సీటుకు మందుబిళ్లల పట్టీ మీది రేకు కోసి బెల్టులు పెట్టాడు. పాత ట్రాన్స్‌ఫార్మరు విప్పి వెంట్రుకలాంటి రాగితీగ లాగి చక్రాలకు బ్రేకు గొట్టాలు అమర్చాడు. గాలివేగం కొలిచే గొట్టానికి ఇంజక్షను సూది. రివెట్ల వరుసలు ఎలా ఉంటాయో చూడాలని, విశాఖ బీచిరోడ్డులో 2017 నుంచి ప్రదర్శనకు ఉంచిన టి.యు.142 విమానం దగ్గర నన్ను గంటన్నరసేపు ఎండలో నిలబెట్టాడు. అది పంఖాల విమానం, జెట్టు కాదు గదరా అంటే, "రివెట్లు రివెట్లే నాన్నా" అన్నాడు.

లెక్క కూడా గట్టిదే. రెక్క అంచు ఒక మిల్లీమీటరు మందం ఉందనుకోండి. మన కంటికి పలచనే. కాని అసలు విమానం మీద అది 72 మిల్లీమీటర్లవుతుంది; మా వీధితలుపు చెక్కకే అంత మందం లేదు. అందుకని ఆ అంచును ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది తాటాకులా చేశాడు. చివరికి నల్లరంగును నీళ్లలా పలచన చేసి రేకుల సందుల్లోకి వదిలి, పైపైన గుడ్డతో తుడిచాడు. వాడకంలో మాసినట్టు కనబడాలట.

సరిగ్గా అప్పుడే మా పెదనాన్నగారు కంటి శుక్లానికి ఆపరేషనని కొల్లేటికోట నుంచి కైకలూరు మీదుగా ఏలూరు మా ఇంటికి వచ్చారు. ఆయనకు ఎనభై దాటాయి. రెండో ప్రపంచయుద్ధకాలంలో తాడేపల్లిగూడెం దగ్గర వేసిన విమానాల దారిని చిన్నతనంలో చూసి, ఆ పిచ్చితోనే వైమానిక దళంలో చేరిన మనిషి. అక్కడ ఆయన మరమ్మతులు చేసింది ఈ నాట్‌లకే. పైలటు కాదు, స్పానరు పట్టినవాడు.

భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఏమిట్రా, దీన్నెవడూ ముట్టుకోలేదే?" అన్నారు.

"అంతా మాసే ఉంది గదా తాతయ్యా!"

"అదేరా. అంతా ఒకేలా మాసింది. దుమ్ములో పారేసినట్టుంది గాని, మనుషులు పని చేసినట్టు లేదు."

ఇక చెప్పడం మొదలుపెట్టారు. నాట్ పొట్టి విమానం. చాలా పనులకు నిచ్చెన అక్కరలేదు, నేలమీద నిలబడే మూతలు తీసేవారట. రోజూ తీసే మూత చుట్టూ వేళ్ల జిడ్డు ఉంటుంది. ఎప్పుడో గాని తీయని మూత చుట్టూ ఏముంటుంది? గాలి పీల్చే మూతుల పక్కన 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు. అవి పేలితే వెనకవైపే మసి. గూడబాతు నీళ్లమీద వాలేముందు కాళ్లు చాచినట్టు, ఈ విమానం గాలిలోనే చక్రాలు సగం దించి వేగం తగ్గించుకునేదట! కొల్లేటి మనిషికి ఆ పోలిక రాక మరేం వస్తుంది? నాకైతే ప్రబంధమంతటా వర్ణనను ఒకే దళసరిగా పూసే కవులు గుర్తుకువచ్చారు. పరీక్ష పేపర్లలో వాళ్ల శిష్యులు ఏటా కనబడుతూనే ఉంటారు.

మావాడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు దూదిపుల్లలు తీసుకుని, మూడు వారాల పని తుడిచేశాడు.

తుడిచాక అసలు సంగతి బయటపెట్టాడు. ఇది సెఖోన్ విమానమట. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరు సేబర్ జెట్లను ఎదిరించి ప్రాణం విడిచిన నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్. వైమానిక దళంలో పరమవీరచక్ర వచ్చింది ఆయనకొక్కడికే.

పెదనాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే ఎర్ర రిబ్బన్లేవీ?" అన్నారు.

విమానం నేలమీద ఉన్నంతసేపూ పైలటు సీటుకూ మరికొన్ని చోట్లా పిన్నులు గుచ్చి ఉంచుతారు, పొరపాటున ఏదీ పేలకుండా, కదలకుండా. మరిచిపోకుండా వాటికి ఎర్ర రిబ్బన్లు. బయలుదేరేముందు మెకానిక్కు వాటిని తీసి, పైకెత్తి పైలటుకు చూపించాలి. ఆయన తల ఊపితే సరి.

"ఆ తరవాత మన చేతిలో ఉండేవి ఆ రిబ్బన్లేరా. విమానం తిరిగివస్తే మళ్లీ గుచ్చుతాం."

రాకపోతే అని మావాడు అడగలేదు. నేనూ అడగలేదు.

మూరెడు రిబ్బను 72వ వంతుకు ఆరు మిల్లీమీటర్లు. పట్టుదారపు పోగులు విడదీసి, ఎర్రరంగులో ముంచి, నాలుగు చేశాడు. విమానానికి తగిలించబోతే పెదనాన్నగారు వద్దన్నారు. అది బయలుదేరిపోయింది గదా, కింద చెక్కమీద పెట్టమన్నారు.

ఆపరేషను గురువారం. బుధవారం రాత్రి ఆయన భూతద్దం పెట్టుకుని చెక్కమీదికి వంగి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు.

"నాలుగోదేదిరా?"

మా ఆవిడను చీపురు ముట్టవద్దని బతిమాలి, తండ్రీకొడుకులం టార్చిలైటు తీసుకుని మంచం కింద దూరాం.