చేరిందన్న మాట చేరాలి

ఇది కంప్యూటర్ల యుగమని ప్రతి సభలోనూ వింటూనే ఉన్నాం. ఊళ్లో నెత్తురు తీస్తే పట్నంలో పరీక్ష, ఫలితమేమో మళ్లీ ఊరికి! 2018లో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఈ బాటలోదే. సంతోషమే. కాని యంత్రం నుంచి డాక్టరు తెరదాకా ఆ ఫలితం వచ్చే దారిని పట్టించుకునేదెవరు? నెత్తురులో పొటాషియం ప్రమాదస్థాయికి పెరిగిన రోగికి గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు. అందుకే అంటున్నాను: పంపడం సగం పనే. చేరిందన్న మాట తిరిగి వస్తేనే పని పూర్తయినట్టు.

ఆస్పత్రుల్లో యంత్రాలు ఎక్కువగా మాట్లాడుకునే భాష హెచ్.ఎల్.7. 1987లో ఏర్పడిన సంస్థ పేరే భాషకూ పేరైంది. ఆ సందేశాలు నడిచే టి.సి.పి. దారి కాలువ లాంటిది. నీళ్లను వరస తప్పకుండా పారిస్తుంది గాని, ఏ మడి ఎక్కడ ముగిసిందో చెప్పదు. అందుకని సందేశానికి గట్లు వేస్తారు: ముందు 11 అనే సంకేతం, చివర 28, దాని వెంటనే 13. ఈ పద్ధతి పేరు ఎం.ఎల్.ఎల్.పి. సందేశంలో ప్రతి వరస చివరా 13 ఉంటుంది. కాబట్టి ఒక్క 13 చూసి అయిపోయిందనుకుంటే రోగి పేరు రాకముందే సందేశం తెగిపోతుంది.

మన తెలుగుకు ఇంకో చిక్కుంది. యు.టి.ఎఫ్.-16 పద్ధతిలో 'జ' అక్షరం 12, 28 అనే రెండు బైట్లు. ఒక్క 28 చూసి ఆగిపోయే ప్రోగ్రాం జంగమ్మ పేరును మొదటి అక్షరం దగ్గరే నరికేస్తుంది! యు.టి.ఎఫ్.-8లో అదే 'జ' 224, 176, 156 అవుతుంది. ఏ తెలుగు అక్షరంలోనూ 128 కన్నా చిన్న బైటు రాదు. రెండు కొసల్లోనూ అదే పెట్టుకుంటే ఈ గొడవ లేదు.

ఇక జవాబు సంగతి. తక్‌పట్టీ చేతికి రానిదే పల్లీలు అమ్మిన రైతు మార్కెట్ యార్డు గేటు దాటడు. బస్తాలు దింపుకున్నంత మాత్రాన కొన్నట్టు కాదు గదా! హెచ్.ఎల్.7లోనూ అంతే. సి.ఎ. అంటే అందింది, ఎ.ఎ. అంటే చూసి ఒప్పుకున్నాం. రోగికి పనికొచ్చేది రెండోది.

ఆ జవాబు కోసం ఎంతసేపు ఆగాలి? రాసుకోవడానికి అవతల 20 సెకన్లు పడుతుంటే, ఇవతల 5 సెకన్లకే విసుగొచ్చి మళ్లీ పంపితే ఒకే పరీక్ష రెండుసార్లు నమోదయ్యే ప్రమాదముంది. మరీ ఎక్కువ ఆగితే వెనక వరసలో ఉన్నవన్నీ నిలిచిపోతాయి. మళ్లీ పంపినా సందేశం సంఖ్య మారకూడదు. అదే సంఖ్య రెండోసారి వస్తే అవతలి కంప్యూటరు కొత్తగా రాయకుండా జవాబు మాత్రం ఇవ్వాలి.

గడువు అంతటా ఒకటే ఉంటే నిర్వహణ సులువని కొందరంటారు. ఎవరికి సులువు? మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డున అడవిలోకి పోతే ఫోన్ సిగ్నల్ ఏమవుతుందో ఇక్కడ అందరికీ ఎరుకే. పట్నంలో ఏసీ గదిలో కూర్చుని పెట్టిన సెకన్లు నల్లమలకు సరిపోవు. అచ్చంపేటలో, అమ్రాబాద్‌లో, గాలివాన సాయంత్రం కొలిచి మరీ పెట్టాలి. ఎన్నిసార్లు పంపినా జవాబు రాకుంటే యంత్రం మౌనంగా ఊరుకోరాదు. "ఫలితం చేరలేదు" అని ఎర్రగా, తెలుగులో చూపించాలి. అది చూసి ఫోన్ చేసే మనిషి ఎవరో ముందే నిర్ణయించి ఉండాలి.

2021లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఎఫ్.హెచ్.ఐ.ఆర్. అనే కొత్త పద్ధతిని ఎంచుకుంది. అక్కడ గట్లు వేసే తీరు వేరు. గడువు, జవాబు, మళ్లీ పంపడం అనే ప్రశ్నలు మాత్రం అవే.

సైన్సు విద్యార్థులం మనమేం చేయగలం? రెండు పాత కంప్యూటర్లు కలిపి, సందేశం సగంలో ఉండగా తీగ పీకి, ఏమవుతుందో రాసుకోవచ్చు. ఆ ప్రయోగానికి మన లేబొరేటరీ చాలు. అధికారులను అడగాల్సిన ప్రశ్నలు అక్కడే పుడతాయి. అడుగుదాం!

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, అచ్చంపేట