శీల చిన్నది, భారము పెద్దది

రథచక్రపు శీల జారగా కైకేయి తన వ్రేలుంచి దశరథుని కాచెనని పెద్దలు చెప్పుదురు. గతమాసమున మాకా కథ జ్ఞప్తికి వచ్చినది.

మా యింట మామగారినాటి అంబాసిడరు కారు కలదు. 1958 మొదలు 2014 వఱకు పశ్చిమవంగమునందలి ఉత్తరపారాలో తయారైన రకము. స్టీరింగును కొంత త్రిప్పినను ముందు చక్రములు కదలకుండెను. టైరాడ్డు కొసలయందలి కీళ్లు అరిగినవని కనుగొని, మావారు ఆదివారమునాడు తామే మార్చిరి. జాకీనొక్కదానినే నమ్మక బండిని స్టాండ్లపై నిలిపి, పాతకొస యెన్ని చుట్లకు ఊడివచ్చునో మమ్ము లెక్కింపుమనిరి. క్రొత్తదానిని నన్నియే చుట్లు ఎక్కింపవలెను. లేనిచో చక్రముల వరుస మిక్కిలి తప్పును.

పని ముగిసినదనుకొంటిమి. సామాను పళ్లెము తీయబోగా నందొక క్రొత్త స్ప్లిట్ పిన్ను మిగిలియుండెను! కొన్నవి రెండే. కుడివైపు నట్టునకు వేయ మఱచిరి. అది లేనిచో నట్టు క్రమముగా వదులై, కీలూడి, చక్రము స్టీరింగునకు లొంగకపోవచ్చును. ఆ సాయంకాలమే మా అమ్మాయి యా బండిలో వెళ్లవలసియుండెను. మావారు మాఱుపలుకక మరల పనికి కూర్చుండిరి. అలైన్‌మెంటు సరిచేయించిన పిమ్మటనే అమ్మాయిని పంపితిమి.

కావున ఇంట బండిపని జరుగునపుడు విప్పినవి, కొన్నవి వేర్వేఱుగ నెంచి పళ్లెములందుంచుడు. పని చివర మరల నెంచుడు. లెక్క సరిపడినగాని తాళపుచెవి నియ్యకుడు.