గమకాన్ని కొట్టేయించకండి

అమెరికా విశ్వవిద్యాలయాల అడ్మిషన్ల అధికారులకు,



న్యూజెర్సీలో ఫిజిక్స్ చెప్పుకునే తెలుగు మాస్టారిని. ఏటా అక్టోబరు వచ్చిందంటే పన్నెండో తరగతి పిల్లలు కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు వ్యాసాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. 650 మాటలు మించకుండా తామెవరో చెప్పుకోవాలి.

నిరుడు ఒకమ్మాయి తన వీణ గురించి రాసింది. వీణకు 24 మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి. వేసవిలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి ఒక మెట్టు జరిగింది. గాంధారం అపస్వరం పలికింది. దాన్ని సరిచేయించే రోజునే ధ్వనిశాస్త్రం మీద మనసు పడిందట. ‘గమకం’ అని రాసి, వెంటనే ‘తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపడం’ అని విప్పి చెప్పింది. ఎంత తేటగా ఉందో! ఆమె అడ్మిషన్ల సలహాదారు మాత్రం ఆ మాట కొట్టేయమన్నాడు, మీకు అర్థం కాదని.

మరో కుర్రాడు వాక్యానికొక ‘న్యూరల్ నెట్‌వర్క్’, ‘ఆప్టిమైజేషన్’ కూరాడు. అంటే ఏమిటని అడిగితే నీళ్లు నమిలాడు.

తప్పు పరిభాషది కాదు. చేతికి అంటిన మాట వేరు, అరువు తెచ్చుకున్న మాట వేరు. ఆ తేడా మీకు తెలుసు, పిల్లలకు తెలియజేయండి. అర్థం విప్పి వాడిన శాస్త్రపదం ఎవరికీ చేటు కాదని మీ సూచనల్లో ఒక్క వాక్యం చేర్చండి. కొత్త మాట ఎదురైతే తర్వాతి వాక్యం దాకా ఓపిక పట్టండి. అంతే మా మనవి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ మాస్టారు