ఏ చట్టం కింద?

1762 నవంబరు 11న లండన్ శివార్లలోని స్టెప్నీలో జాన్ ఎంటిక్ అనే రచయిత ఇంట్లో నలుగురు రాజోద్యోగులు జొరబడ్డారు. నాలుగు గంటలపాటు పెట్టెలూ సొరుగులూ తాళాలు పగలగొట్టి వెతికారు. ఆయన సొంత కాగితాలన్నీ చదివారు. చేతికందినవి మోసుకుపోయారు. ప్రభుత్వాన్ని దుయ్యబట్టే వారపత్రికకు రాస్తున్నాడని అనుమానం. వాళ్ల దగ్గర మంత్రి లార్డ్ హాలిఫాక్స్ ఇచ్చిన వారెంటు ఉంది.

ఎంటిక్ ఊరుకోలేదు, ఆ నలుగురి మీదే దావా వేశాడు. 1765లో తీర్పు చెప్పిన లార్డ్ కామ్డెన్ అడిగిందొక్కటే: మంత్రికి ఈ అధికారం ఎక్కడిది? పార్లమెంటు చేసిన శాసనం లేదు, పాత తీర్పుల్లోనూ లేదు. ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఎవరూ కాదనలేదు అని ఆ ఉద్యోగుల తరఫున వాదించారు. భయపడి నోరు మూసుకున్నవాళ్ల మౌనం చట్టమైపోదన్నాడు కామ్డెన్. రాజ్య అవసరమన్న వాదనా చెల్లలేదు. ఎంటిక్‌కు జ్యూరీ లెక్కకట్టిన పరిహారం 300 పౌండ్లు.

ఇంగ్లండు కామన్ లా ఏ రాజో కూర్చుని రాయించింది కాదు. ఒక్కొక్క దావాలో ఒక్కొక్క తీర్పుగా పేరుకుంటూ వచ్చింది. ఈ మొండి మనిషి కోర్టుకెక్కకపోతే అందులో ఈ పుట ఉండేది కాదు. నేను తప్పు చేయలేదని ఇంటాయన రుజువు చేసుకోనక్కర్లేదు, గడప దాటినవాడే చట్టం చూపాలి. నాకు అన్నిటికన్నా విలువైనది ఈ మాటే.

మనకూ ఇలాంటి తీర్పుంది. స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ సవరించి, కలెక్టరు కాగితం రాసిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు అంది. ఆ 'ఎవరైనా' ఎవరో చెప్పలేదు. హైకోర్టు కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. పత్రం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు.

అయినా 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపి, గంజాయి మాటేమైనా ఉందేమోనని కుర్రాళ్ల ఫోన్లలో చాట్‌లు వెతికారు. ఎంటిక్ సొరుగుల్లో పట్టనంత బతుకు ఆ ఫోన్లలో ఉంటుంది. అడిగితే, జనం సహకరిస్తున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయడం లేదు అన్నారు ఒక అధికారి. 1765లో కామ్డెన్ తోసిపుచ్చిన వాదన సరిగ్గా ఇదే.