పోతే పోయాయి యాభై కేసులు!

పోయిన నెలలో నేను చేసిన ఓ తెలివితక్కువ పని చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

నేనుండేది టెక్సాస్ లో. గ్రీన్ కార్డు వచ్చాక, ఆఫీసు మిత్రుడొకాయన పుణ్యమా అని రైఫిల్ షూటింగు అలవాటైంది. కాల్చేసిన తూటాల ఇత్తడి కేసుల్లో మళ్ళీ మందు, బుల్లెట్టు పెట్టుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికైతే ఇక్కడ ఫరవాలేదు. (మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. సెలవుల్లో ఇంటికెళ్ళి ప్రయత్నించకండి!)

కాల్చినప్పుడల్లా, తిరిగి సైజు చేసినప్పుడల్లా ఇత్తడి గట్టిపడుతుంది. తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే విరిగినట్టే, కొన్నాళ్ళకి కేసు మెడ చీలుతుంది. అందుకే మెడని కొన్ని సెకన్లు మంటలో తిప్పి మెత్తబరుస్తారు. అదే ఎనీలింగ్.

దీని వెనక మన దేశపు కథ కూడా ఒకటుంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాస్తే, కేసులు వాటంతటవే చిట్లిపోయేవట. కారణం 1921లో తేలింది: గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అది. ఆ ఒత్తిడిని తగ్గించే మందు కూడా వేడే.

ఇక నా ఘనకార్యం. 308 రైఫిల్ కేసులు యాభై, గ్యారేజీలో ప్రొపేన్ టార్చి ముందు పెట్టి, రంగు చూస్తూ లెక్క లేకుండా కాల్చేశాను. నీళ్ళలో పడేస్తే మళ్ళీ గట్టిపడతాయిలే అనుకున్నా. అది ఉక్కు సంగతి. ఇత్తడిని నీళ్ళు చల్లార్చడమే తప్ప గట్టిపరచవు. చూస్తే రంగు మారిన మేర దాదాపు అడుగుదాకా దిగింది.

మెత్తబడాల్సింది మెడ. అడుగు గట్టిగానే ఉండాలి. కారు టైర్లో ఒత్తిడి 35 పీఎస్ఐ ఉంటే, ఈ తూటాకి అనుమతించిన గరిష్ఠం 62 వేలు! అడుగు లొంగిపోతే ఆ వేడి గ్యాసు వచ్చేది మన మొహం మీదికే.

"రంగు చూస్తే తెలిసిపోతుంది" అనే అనుభవజ్ఞులతో నేనిక ఏకీభవించను. గ్యారేజీ లైటు కింద ఒక రంగు, ఎండలో ఇంకో రంగు. వేడి ఎంత అన్నదే కాదు, ఎంతసేపు అన్నదీ ముఖ్యమే. వేడికి కరిగే టెంపిలాక్ పూత కేసు కింది భాగానికి రాసి, ముందు రెండు కేసుల మీద చూసుకోవాలి. ప్రొడక్షన్ లో పెట్టేముందు టెస్ట్ చెయ్యమని జూనియర్లకి రోజూ చెప్పేవాణ్ణి, నాకీ మాత్రం తట్టలేదు.

పారేయడానికి మనసొప్పలేదు. ఖాళీ హార్లిక్స్ సీసా కూడా పారెయ్యని ఇల్లు మాది. మందు తగ్గించి వాడేద్దామా అనిపించింది కూడా. కానీ మెత్తబడ్డ అడుగుని మళ్ళీ గట్టిపరిచే ఉపాయం ఇంట్లో లేదు. అన్‌డూ లేని పని ఇది. మిగుల్చుకునేది యాభై డాలర్లు, పందెం కాసేది కళ్ళు.

పట్టకారుతో యాభై మూతులూ నొక్కేసి తుక్కు డబ్బాలో పడేశాను. నొక్కకపోతే, నెల తిరక్కుండా నా పిసినారితనమే వాటిని మళ్ళీ బయటికి తీస్తుందని నాకు తెలుసు.